ఆరో బాణం

ఆరు బాణాలకు పద్దెనిమిది ఈకలు కావాలి. ఎడమ రెక్కవైతే అన్నీ ఎడమవే కావాలి. ఈకకున్న వంపు బాణాన్ని గాలిలో బొంగరంలా తిప్పుతుంది, తోకను వెనక్కి పట్టి ఉంచుతుంది. అందుకే బాణం తిన్నగా పోతుంది. కుడి, ఎడమ కలిపితే తిరుగుడు చెడి తూలిపోతుంది. పరదేశికి ఇదంతా వాళ్ళ నాన్న నేర్పాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. కొండకర్ల ఆవ సరస్సు ఒడ్డున రాలిన ఈకలే ఏరుకోవాలి, పడి ఉన్న పిట్ట రెక్క మీద చెయ్యి వెయ్యకూడదు.

ఇరవై రోజులు ఒడ్డంతా తిరిగితే ఎడమ ఈకలు పదిహేనే దొరికాయి. కూతురు ధనశ్రీకి ఆదివారం అనకాపల్లిలో జిల్లా సెలక్షన్. వెదురు విల్లు, వెదురు బాణాలు. ఆరు బాణాలు లేనిదే బరిలోకి రానివ్వరు. శుక్రవారం పొద్దున్న మంచులో, తుంగ మధ్య ఒక వలస బాతు ఎడమ రెక్క చాపుకుని పడి ఉంది. పరదేశి అటూ ఇటూ చూసి మూడు ఈకలు లాగాడు. మూడోది లాగుతుంటే దాని ఒళ్ళు చేతికి వెచ్చగా తగిలింది. కన్ను మూసి లేదు. ఆయన వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

శనివారం సాయంత్రం చెరుకు తోట పక్కన గురికి గడ్డిమోపు నిలబెట్టారు. బాణాలు ఏరడానికి పరదేశి మోపుకు ఎడంపక్క గట్టు మీద నిలబడ్డాడు. అయిదు బాణాలూ మోపులో దిగాయి. ఆరోది సగం దూరం తిన్నగా వచ్చి, పక్కకు ఒరిగి, ఆయన కాలి దగ్గర గట్టులో దిగింది.

“ఏటి నానా, ఈకలు నిద్దర్లో అంటించేవేటి?” అంది ధనశ్రీ.

“నువ్వు సరిగ్గా ఒదల్లేదు. మల్లీ ఎయ్యి.”

బాణం ఇచ్చి వచ్చి, ఈసారి కుడిపక్క నిలబడ్డాడు. బాణం కుడికి తిరిగింది. ఆయన చెవి పక్కనుంచి పోయి చెరుకు గడను చీల్చింది.

ధనశ్రీ విల్లు దించింది. “అది నీకేసే తిరుగుతంది నానా.”

“గాలే.”

“సెరుకాకు కదల్డం లేదు. గాలెక్కడిది?”

పరదేశి బాణం తీసి చూశాడు. మూడూ ఎడమవే. ఈకల మధ్య దూరం సరిగ్గానే ఉంది, జిగురు పట్టింది. ఈకల మొదళ్ళు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

“రేపు నువ్వు రాకు,” అంది ధనశ్రీ.

“వత్తాను. రేపది తిన్నగా ఎల్తాది. నువ్వు నడిమికే గురి సూడు.”

మర్నాడు మైదానంలో అందరి అమ్మానాన్నలూ పిల్లల వెనక షామియానా కింద కూర్చున్నారు. పరదేశి లేచాడు.

“ఎక్కడికి?” అంది భార్య శ్రీదేవి.

“గోడెనక్కి.”

“పిల్ల ఆట సూడ్డానికొచ్చి గోడ సూత్తావేటి?”

ఆయన అప్పటికే షామియానా దాటాడు. గురిపలకల వెనక ప్రహరీ గోడ ఉంది. చుట్టూ తిరిగి గోడ అవతలికి వెళ్ళి, ధనశ్రీ పలక నాలుగోది కాబట్టి అడుగులు కొలుచుకుని, సరిగ్గా దాని వెనక నిలబడ్డాడు.

అయిదు దెబ్బలు వినిపించాయి. ఆరోది కాస్త గట్టిగా. మైకులో “పది” అన్నారు. చప్పట్లు.

రెండో రౌండులో ఆరో దెబ్బ ఇంకా దగ్గరగా వినిపించింది. మళ్ళీ పదే.

మూడో రౌండులో చప్పట్లకు ముందే ఆయన గుండె ఎత్తున గోడకు సన్నని బీట పడి సిమెంటు రాలింది. ఆ బీట మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది.

ఇంకా మూడు రౌండ్లున్నాయి. ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు, బాణమూ పక్కకు పోతుంది. పరదేశి చెయ్యి తీసి, కాళ్ళు ఎడంగా పెట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు.

గోడ అవతల ధనశ్రీ పేరు పిలిచారు.