ముక్కు మేస్త్రీ మాట

గోదాములో డ్రమ్ముకు చిల్లు పడితే, మూత దగ్గర ముఖం పెట్టి ఒక్కసారి గాలి పీల్చి లోపల ఉన్నదేమిటో చెప్పే మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ వీధివాళ్ళకు అది ఒకప్పుడు రోజూ చూసిన వేడుక. అతను హమాలీల మేస్త్రీ. అందరూ ముక్కు మేస్త్రీ అని ముద్దుగా పిలిచేవారు. యజమానులు భుజం తట్టి మెచ్చుకునేవారు. మాస్కు మాత్రం ఏ ఒక్కరూ కొనివ్వలేదు.

ఆ రసాయనాల గోదాము తగలబడి, వీధి వీధంతా స్కూలు వరండాల్లో తలదాచుకుంది. మంటలు ఆరాక జనం అధికారుల మాట కోసం కాదు, ముక్కు మేస్త్రీ మాట కోసం ఎదురుచూశారు. ఆ ఉదయం అతను వీధి మొగలో నిలబడి గట్టిగా గాలి పీల్చాడు.

"శుభ్రంగా ఉంది. పదండి ఇళ్ళకి," అన్నాడు.

అడ్డం వచ్చింది అతని మరదలే. గాలిని పరీక్షించే బృందంలో పనిచేస్తోంది. చేతిలోని మీటరును మురుగుకాలువ పక్కన నేలకు దగ్గరగా పెట్టగానే అది కీచుమని మోగింది.

"వద్దు బావా. డ్రమ్ముల్లోంచి కారిందంతా కాలువలోకి దిగింది. అందులోంచి వచ్చే విషవాయువు బరువు, పైకి పోదు. పల్లంలో ఉన్న మీ ఇళ్ళల్లోనే పేరుకుంటుంది. ఇంకో రెండ్రోజులు ఆగండి."

"రెండ్రోజులు, రెండ్రోజులని మా పొట్ట కొడతావా? వీధి ఖాళీగా ఉంటే మిగతా గోదాములు తెరవనివ్వరు. మా కూలి నువ్విస్తావా?"

వెనక నుంచి ఎవరో "అమ్ముడుపోయింది" అన్నారు. ఆ ఒక్క మాట చాలింది. రాయి వచ్చి ఆమె నుదుటికి తగిలింది. ఆపబోయిన ఆమె బృందం జీపు డ్రైవరును కింద పడేసి డొక్కల్లో తన్నారు. మేస్త్రీ మీటరు గుంజుకోబోతే ఆమె వదల్లేదు. చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. మళ్ళీ కొట్టాడు. మీటరును నేలకేసి బాది, మోత ఆగేదాకా తొక్కాడు. జనం ఈలలు వేశారు. ఆమె చేసిన తప్పేమిటో ఆ గుంపులో ఒక్కరూ అడగలేదు.

ఈ గొడవలో మేస్త్రీ తల్లి, కొడుకు మాట మీద నమ్మకంతో, అందరికంటే ముందు తలుపు తీసుకుని ఇంట్లోకి వెళ్ళింది.

మేస్త్రీ భార్య తన చెల్లెలి ముఖం మీద నెత్తురు చూసింది. మసి పట్టిన ఇల్లు కడుక్కోవడానికి తెచ్చుకున్న ఫినాయిలు సీసా ఆమె చేతిలో ఉంది. దాన్ని గుడ్డ మీద ఒంపి, వెనకనుంచి వచ్చి భర్త జుట్టు పట్టుకుని ముక్కుకు అదిమింది.

"ఏం వాసనో చెప్పు."

"వదలవే. తడిగుడ్డ పెట్టి ఆటలేంటి?"

దూరంగా ఉన్నవాళ్ళు కూడా ఆ ఘాటుకు ముఖాలు తిప్పుకున్నారు.

"విన్నారుగా? ఇది ఫినాయిలు. ఇంట్లో పాలు మాడి గిన్నె నల్లబడినా ఈయనకి తెలీదు. ఆ డ్రమ్ములు ఈయన ముక్కుని ఎప్పుడో తినేశాయి. పరువు పోతుందని నేనే దాచాను," అంది ఆమె.

మేస్త్రీ చెయ్యి ఎత్తాడు. అంతలో అతని ఇంట్లోంచి గిన్నెలు దొర్లిన చప్పుడు వచ్చింది. "అమ్మా" అంటూ పరుగెత్తాడు. గడప దాటాడో లేదో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

నెత్తురు కారుతున్న ముఖానికే మాస్కు బిగించుకుని మరదలు లోపలికి వెళ్ళింది. ముందు అతన్ని బయటికి ఈడ్చింది, తర్వాత ముసలామెను. అతను బతికాడు. తల్లి నోట నురగతో వీధి మధ్యలోనే ప్రాణం విడిచింది. ఆ రాయి విసిరింది తానేనని ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

తల్లిని సాగనంపి స్కూలు వరండాకు తిరిగొచ్చిన మేస్త్రీని ఒక పెద్దాయన అడిగాడు, "ఇళ్ళకి ఎప్పుడు పోదామంటావు మేస్త్రీ?"

అంత జరిగాక కూడా అతన్నే అడుగుతున్నారు. మేస్త్రీకి ఏడుపు ఆగలేదు. కాలిపోయిన గొంతుతో మాట గరగరలాడింది.

"నన్నడక్కండి. మా మరదలు కొత్త మీటరు తెచ్చింది, ఆమెనడగండి. మాస్కు ఇవ్వందే ఇకమీదట ఒక్క డ్రమ్ము కూడా ముట్టుకోకండి. నా ముక్కు చచ్చి ఏ ఘాటూ తగలకపోతే దాన్ని గొప్ప అనుకున్నాను, మీరూ అనుకున్నారు. నిజం చెప్పినందుకు ఆడపిల్లని కొట్టిన ఈ చేతులతోనే మా అమ్మని మోశాను. ప్రమాదం ఉందని చెప్పినవాళ్ళని కొడితే ప్రమాదం పోదు, మనమే పోతాం."