ఇద్దరి మధ్య పడిన రింగు

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు తప్పుతాయి, ఒక్కో మాట రాయడానికి చాలాసేపు పడుతుంది. మన్నించి చదవండి.

బడిలో చేరిన కొత్తలో ఒకరోజు అత్తకు జొన్నరొట్టె వడ్డిస్తూ చెప్పాను: ఎల్లారెడ్డిలో వయోజన బడుల ఆడవాళ్లకు రింగు ఆట పోటీలున్నాయి, కామారెడ్డి తరఫున నేనూ వాజిదా ఆడతాం. మా అత్త లక్ష్మీనర్సమ్మ ముద్ద మింగి, “ముండమోసినదానివి, నలుగుట్ల ఎగురుతవా? పో. ఓడి అస్తే మాత్రం ఆ బడి గూడ బందు” అంది. అప్పటికి నాకు పేరు రాయడం వచ్చింది, బస్సు బోర్డు చదవడం ఇంకా రాలేదు.

వాజిదా నా పక్కన కూర్చుని బీడీలు చుట్టేది, బడికీ నాతోనే వచ్చేది. మా బడి సుగుణమ్మ టీచరు మమ్మల్ని నెట్టుకు, అంటే అడ్డంగా కట్టిన వలకు, ఒకవైపు నిలబెట్టి, అవతలి నుంచి రబ్బరు రింగును కావాలనే ఇద్దరి మధ్యకు విసిరేది. “నీదే అక్కా” అనేది వాజిదా. “నీదే చెల్లె” అనేదాన్ని నేను. రింగు నేల మీద పడేది.

“ఏందమ్మా, పెండ్లిల బువ్వ వడ్డిస్తున్రా? ఒకలకొకలు గిన్ని మర్యాదలు!” అని టీచరు నవ్వింది. నేనూ నవ్వాను. బీడీలు చుడుతూ మళ్లీ ఆలోచిస్తే నవ్వు రాలేదు. పెళ్లయిన నాటి నుంచీ ఏదైనా చేతికందేంత దగ్గరకు వస్తే వెనక్కి జరగడమే నాకు తెలుసు. కూర మిగిలితే మరిదికి, మంచం ఖాళీ అయితే ఆడబిడ్డకు. “మా గంగమణి ఏమడ్గది” అని మా ఆయన చుట్టాల ముందు మురిసేవాడు. ఆయనతో పాటు నేనూ మురిశాను.

టీచరు వాజిదా పాత చున్నీని ఒక కొస నా నడుముకు, ఒక కొస ఆమె నడుముకు కట్టింది. ముందుకు పోతే ఇద్దరం పోవాలి. ఒకరు పక్కకు జరిగితే రెండోవాళ్లు ఆ ఖాళీలోకి రావాలి. పట్టేవాళ్లు “నాది” అని అరవాలి. మొదట్లో ఒకరి మీద ఒకరం పడ్డాం. “మా ఆయన గూడ గింత గట్టిగ కట్టెయ్యలే అక్కా!” అంది వాజిదా. కాళ్లు కుదిరాయి గానీ నా గొంతు లేవలేదు. “అరువక్కా, ఎవ్వలు గుంజుకోరు” అనేది.

ఎల్లారెడ్డిలో ఆఖరి ఆట సమానంగా నిలిచింది. ఇంకొక్క పాయింటు. రింగు సరిగ్గా ఇద్దరి మధ్యకు వచ్చింది. “నాది!” అని అరిచాను. అరుపు విని నేనే అదిరిపడ్డాను, చేయి మాత్రం అదరలేదు. పట్టి అవతలి మూలకు విసిరాను. వాళ్లు పట్టి, నేను వదిలిన ఖాళీలోకి తిరిగి విసిరారు. నడుముకు చున్నీ లేకపోయినా వాజిదా అప్పటికే అక్కడ ఉంది. అందుకుని నెట్టు దాటగానే పడేలా మెల్లగా జారవిడిచింది. వాళ్లు పరుగెత్తేలోపు రింగు మట్టిలో ఉంది. గెలిచాం. వాజిదా నన్ను ఎత్తుకుని తిప్పింది.

ఇంటికి చేరేసరికి అత్త గడపలో ఉంది. “గెల్సిన్రంట గద. మాటంటే మాటే. పో, బడికి పో.”

“ఓడిపోయినా పోతుంటి అత్తా,” అన్నాను.

గంగమణి, డెబ్బై మూడేళ్లు. కామారెడ్డిలో, వాజిదా ఇంటి పక్కన ఉంటున్నాను.