మోటారు కాలిపోయిన రోజు

గోపన్‌పల్లిలో వాసంతి నడిపే పగటి కేంద్రానికి ఒక మంచి పేరుంది. వచ్చిన ముసలివాళ్లెవరినీ అక్కడ గుమ్మంలోంచి వెనక్కి పంపరు. కొడుకులూ కూతుళ్లూ ఐటీ ఆఫీసుల్లో ఊడవడానికీ, గేట్ల దగ్గర నిలబడడానికీ, కార్లు నడపడానికీ పొద్దున్నే పోతారు. మతిమరుపు వచ్చిన తల్లినో తండ్రినో ఇక్కడ దింపి, సాయంత్రం ఇంటికి తీసుకుపోతారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి, గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరైన వాసంతి, తీర్థయాత్రలు మానుకుని ఈ పని నెత్తికెత్తుకుంది. ఆ మాటెవరైనా అంటే ఆవిడకు లోపల్లోపల సంతోషంగానే ఉండేది.

ఆ ఏడు రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. అపార్ట్‌మెంట్లు కడతాను, కేంద్రం నడిచే ఇల్లు ఖాళీ చేయమన్నాడు ఓనరు. ఉత్తమ సేవాసంస్థ అవార్డుకి మీ కేంద్రం తుది జాబితాలో ఉంది, న్యాయనిర్ణేతలు స్వయంగా చూడడానికి వస్తారు అంది కంపెనీల సంఘం. గెలిచినవాళ్లకు నల్లగండ్లలో ఒక హాలు కూడా ఇస్తారట. ఇంకేముంది, కేంద్రమంతా పెళ్లివారిల్లయిపోయింది. గోడలకు రంగులు, మంచాలకు కొత్త దుప్పట్లు, ముసలమ్మల తలలకు కొబ్బరినూనె. చెప్పి వచ్చే తనిఖీకి ముస్తాబు కానివాళ్లు ఎవరు?

ముస్తాబుకి లొంగనివాడు ఒక్కడే, కిష్టయ్య. సగం జీవితం కట్టే బిల్డింగుల దగ్గర వాచ్‌మన్‌గా గడిపినవాడు. కన్నకూతురి పేరు మరిచిపోయాడు గాని డ్యూటీ మరవలేదు. ఇన్‌షర్ట్ చేసుకున్న మనిషి గుమ్మంలో కనిపిస్తే చాలు, "ఎవడ్రా నువ్వు? ఎవల్నడిగి అచ్చినవ్? నడువ్ బైటికి!" అని మీదికి ఉరికేవాడు. కరెంటు మీటరు చూసే ఆయన ఒకసారి చెప్పులు వదిలేసి మరీ పారిపోయాడు. మామూలు రోజుల్లో అందరూ పడీపడీ నవ్వుకునే ముచ్చట అది. ఆ వారం వాసంతికి నవ్వు రాలేదు.

తనిఖీకి ముందురోజు సాయంత్రం, కూతురు రజిత తండ్రిని తీసుకుపోవడానికి వచ్చింది. వాసంతి నోట్లోంచి అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఆవిడే తెల్లబోయింది.

"రేపు సెంటర్ లేదమ్మా. బోరు మోటారు కాలిపోయింది, చుక్క నీళ్లు లేవు. ఎల్లుండి తీసుకురా."

"గట్లనా మేడం? సరే తియ్యిండ్రి," అంది రజిత. ఇంకో ప్రశ్న వేయలేదు. గోపన్‌పల్లిలో మోటార్లు కాలడం ఎవరికి కొత్త?

నిజం చెప్పొచ్చు. పెద్దవాళ్లు వస్తున్నారు, మీ నాన్నను ఒక్కరోజు ఇంకెక్కడైనా ఉంచుదాం అంటే ఇద్దరూ కలిసి ఏదో దారి చూసేవారే. కానీ ఎవరినీ వెనక్కి పంపను అని చెప్పుకునే నోటితో ఆ మాట అనడానికి వాసంతికి సిగ్గేసింది. ఆ సిగ్గే కొంప ముంచింది.

మర్నాడు రజితకు సెలవు దొరకలేదు. తండ్రికి అన్నం పెట్టి, గదికి బయట తాళం వేసి, ఆఫీసు ఊడవడానికి పోయింది. ఇక్కడ ముసలమ్మలు పాడిన పాటలకు న్యాయనిర్ణేతలు తాళం వేస్తుంటే, అక్కడ కిష్టయ్య కిటికీ ఎక్కబోయి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. సాయంత్రం కూతురు తలుపు తీసేదాకా నేలమీదే ఉన్నాడు.

వాసంతి దానిమ్మపళ్లు పట్టుకుని దవాఖానకు వెళ్లింది. కిష్టయ్య నిద్రలో ఉన్నాడని తెలిసి, ఆవిడకు ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. రజిత ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది.

"నా చేతులతోనే తాళమేసిన మేడం. పాపం నాదే."

"ఊరుకోమ్మా, నీ తప్పేం లేదు," అంది వాసంతి. అన్నమాట అక్షరాలా నిజం. తప్పెవరిదో మాత్రం చెప్పలేదు.

వారం తిరక్కుండానే అవార్డు వచ్చింది. సభలో కేంద్రం తరఫున ఎవరైనా రెండు మాటలు చెప్పాలని సంఘం కోఆర్డినేటర్ సాయిచంద్ పట్టుబట్టి, తనే రజితను ఎంచుకున్నాడు. వాసంతి వద్దని చూసింది. కారణం చెప్పలేక ఊరుకుంది.

హైటెక్ సిటీలో పెద్ద హోటలు. ముందు వరస కుర్చీల్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. రజిత కొత్త చీర కొంగు సర్దుకుని ఆవిడ వైపు వంగింది.

"మేడం, జర వినుండ్రి. మంచిగుందో లేదో చెప్పుండ్రి." గొంతు తగ్గించి మొదలుపెట్టింది. "మా నాయినను అందరు పిచ్చోడన్నరు. మా మేడం అనలే. ఒక్క దినం మోటర్ కాలి సెంటర్ బంద్ అయింది. గా ఒక్క దినమే నేను తాళమేసి పోయిన, నాయిన బొక్క ఇరిగింది. తప్పు నాది. గీ సెంటర్ ఎన్నడు బంద్ గావొద్దు సార్." ఆగి, కళ్లు తుడుచుకుంది. "ఆడ ఏడుస్తనేమో అని పరేషాన్ అయితున్న."

తను చేసిన పాపాన్ని ఈ పిల్ల నెత్తిన పెట్టుకుని వేదికెక్కి, నలుగురిలో తనకే దణ్ణం పెట్టబోతోందని వాసంతికి అర్థమైంది. ఇంక భరించడం ఆవిడ వల్ల కాలేదు.

"రజితా, మోటారు కాలలేదమ్మా. నేనే అబద్ధమాడాను. పెద్దవాళ్ల ముందు మీ నాన్న కేకలేస్తాడని భయపడ్డాను."

రజిత కుర్చీలో ఆవిడ వైపు పూర్తిగా తిరిగింది.

"అంటే, సెంటర్ తెరిచే ఉండెనా?"

"ఉంది."

"అందరు అచ్చిన్రా?"

"వచ్చారమ్మా."

"మా నాయినొక్కన్నే..." అని ఆగిపోయింది. తర్వాత లేచి నిలబడింది. "నాకు నిద్ర లేదు మేడం గప్పటిసంది. మీరు జూస్తనే ఉన్నరు గద. అచ్చి మా నాయినకు చెప్పుండ్రి. గీళ్లకు గాదు. నాయినకు చెప్పుండ్రి."

వేదిక మీద కేంద్రం పేరు పిలిచారు. చప్పట్లు మొదలయ్యాయి. రజిత తలుపు వైపు నడిచింది, వెనకే వాసంతి.

ఆటోలో ఉండగా సాయిచంద్ ఫోన్ చేశాడు. "మేడం, ఎక్కడున్నారు? ఫోటోగ్రాఫర్ వెయిటింగ్!"

"ఆ రోజు ఒకాయన్ని రావద్దన్నానండి. మీకు నిజం దాచాను. ఆ అవార్డు మాది కాదు," అంది వాసంతి. హాలు పోయింది. మిగతా ముసలివాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలో ఆవిడకు తెలియదు.

"ఇదే మాట మెయిల్‌లో పెడతారా మేడం?"

"పెడతాను."

దవాఖానలో కిష్టయ్య మెలకువగానే ఉన్నాడు. వాసంతి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. "కిష్టయ్యగారూ, మీ అమ్మాయి తప్పేం లేదండి. ఆ రోజు మిమ్మల్ని రావద్దన్నది నేను. తప్పు నాదండి."

ఆయన శ్రద్ధగా విన్నాడు. చుట్టాన్ని పలకరించినట్టు నవ్వి, "బువ్వ తిన్నవా?" అని అడిగాడు.

రజిత సీసాలో నీళ్లు నింపుకురావడానికి లేచింది. అంతే, కిష్టయ్య ముఖం మారిపోయింది. రెండు చేతులతో కూతురి కొంగు గుంజి పట్టుకున్నాడు.

"తాళమెయ్యకు బిడ్డా. లొల్లి చెయ్య. ఎవల్నేమన. మూలకు కూసుంట."

వాసంతి స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.