సెవలైకి పంపిన గౌను

విజయకుమార్ పెళ్ళికి ముందే సెవలై ఆ ఇంటికి వచ్చింది. గుడియాత్తం బస్టాండులో వానకు తడిసి వణుకుతున్న ఎర్ర కుక్కపిల్లను అతనే చొక్కాలో పెట్టుకుని తెచ్చి, ఆ రంగును బట్టే సెవలై అని పేరు పెట్టాడు. కూతురు గౌతమి పుట్టాక అది ఆమె మంచం కిందే పడుకునేది. ఆ పిల్ల మొదటి అడుగులు కూడా దాని వీపు పట్టుకునే వేసింది.

నాలుగో ఏడు వచ్చేసరికి గౌతమికి తుమ్ములు, దురద, తర్వాత ఆయాసం మొదలయ్యాయి. ఒకరోజు పిల్ల ఊపిరాడక రొప్పుతుంటే భార్య హేమప్రియ హడలిపోయింది. మర్నాడే వేలూరుకు తీసుకెళ్ళారు.

ఏది పడట్లేదో తెలుసుకోవడానికి డాక్టరమ్మ పిల్ల ముంజేతి మీద వరసగా రకరకాల మందు చుక్కలు వేసి, ఒక్కో చుక్క దగ్గర సూదితో మెల్లగా గుచ్చింది. పావుగంటకు ఒక చోట పెద్ద దద్దురు లేచింది.

"ఇది కుక్క వల్లే," అంది.

"పుట్టినప్పట్నించి దాంతోనే ఉండాది కదమ్మా! ఇన్నేండ్లు లేంది ఇప్పుడెట్లా వచ్చె?" అన్నాడు విజయకుమార్.

"కుక్కతో పెరిగితే కొందరు పిల్లలకు మంచే జరుగుతుంది, కొందరికి పడదు. ఎవరికి ఏదవుతుందో ముందుగా చెప్పలేం. మీ తప్పేం లేదు."

తిరుగు బస్సులో గౌతమి దద్దురు చూసుకుంటూ అడిగింది. "అప్పా, ఈడ సెవలై కరిచినాదా?"

"లేదు తల్లీ. దానికి నువ్వంటే పానం. దాని ఒంటి పొట్టు నీకు పడలేదంట, అంతే."

కే.వి.కుప్పంలో అతని అక్క సురేఖకు తోట ఉంది. కుక్కను తాను చూసుకుంటానంది. ఆదివారం పొద్దున్నే, పిల్ల లేవకముందే పంపేద్దామనుకున్నారు. కానీ ఆటో చప్పుడుకు గౌతమి లేచి వచ్చేసింది. ఏడుస్తుందని విజయకుమార్ భయపడ్డాడు. ఆమె ఏడవలేదు, దగ్గరికీ పోలేదు. గడప లోపలే నిలబడింది.

"సెవలై, నీ మింద కోపం లేదు. నాకు ఆయాసం వస్తా ఉండాది, అందుకే. అత్త పెట్టింది తిను, సరియా?"

ఆటో వీధి మలుపు తిరిగాక, అందులో కుక్క పక్కనే కూర్చున్న విజయకుమార్ దాని మెడలో మొహం దాచుకుని ఏడ్చాడు.

హేమప్రియ దుప్పట్లన్నీ ఉడకబెట్టి ఉతికింది, గోడలు తుడిచింది, వేళకు మందు పీల్పించింది. అయినా ఆయాసం పూర్తిగా తగ్గడానికి మూడు నెలలు పట్టింది.

విజయకుమార్ వారం విడిచి వారం తోటకు వెళ్ళేవాడు. తిరిగొచ్చే ముందు అక్కడే బోరు కింద స్నానం చేసి బట్టలు మార్చుకునేవాడు. ఇంటికి రాగానే గౌతమి అడిగేది, "అది నన్ను మరిచిపోలేదు కదా?"

ఒకసారి అతను బయల్దేరుతుంటే గౌతమి తను విడిచిన పసుపు గౌను తెచ్చి చేతికిచ్చింది.

"ఉతకొద్దప్పా. అట్లే ఇయ్యి."

తోటలో సెవలై ఆ గౌనును చాలాసేపు వాసన చూసింది. కాలితో దగ్గరికి లాక్కుంది. దాని మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. విజయకుమార్ పక్కనే కూర్చుని, ఎండ మళ్ళేదాకా దాని చెవులు నిమురుతూ ఉండిపోయాడు.