సారంగుకి వచ్చిన జబ్బు

పదేళ్ళ మగకుక్కను ఒళ్ళో పెట్టుకుని జాలరి నూకన్న అండమాన్‌లోని డిగ్లీపూర్ పశువుల ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు. కుక్క పేరు సారంగు. చిన్నప్పటి నుంచీ పడవ ముందు కొసన నిలబడి సముద్రాన్ని చూస్తూ అందరికీ పని చెప్పేదానిలా ఉండేదట. అందుకని ఓడ మీద పనివాళ్ళ పెద్దను పిలిచే పేరే దానికి పెట్టుకున్నాడు. ఇప్పుడు పడవ ఎక్కడం మానేసి నెల దాటింది.

ఆ ఆసుపత్రికి డాక్టరు ఝాన్సీలక్ష్మి. పోర్ట్ బ్లెయిర్ పక్కన గరాచర్మలో పుట్టి, తిరుపతిలో చదువుకుని, 1986లో తొలి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చింది. వచ్చిన ఈ మూడు నెలల్లో ఆమె చూసినవన్నీ ఆవులు, మేకలే.

"ఏమైంది బాబాయ్ దీనికి?"

"దొడ్డికి ఎల్లలేక గింజుకుంటందమ్మా. తిండి బాగానే తింతాది. ఎల్లేటప్పుడే ముక్కీ ముక్కీ వణికిపోతాది. సేపముల్లు అడ్డపడిందని ఆముదం పట్టినాను. ఏటీ లాభం నేదు."

"వచ్చేది ఎలా వస్తోంది? గుండ్రంగానా?"

నూకన్న అరచెయ్యి చదునుగా పెట్టి చూపించాడు. "కాదమ్మా. నొక్కేసినట్టు సదునుగా, బద్దలా వస్తంది. మొన్న ఒంటేలు దారిన రెండు రక్తం సుక్కలు కూడా పడ్డాయి."

ఆ మాటతో ఆమెకు ఒక దారి దొరికింది. జ్వరం చూసింది, లేదు. పొట్ట నొక్కి చూసింది, మెత్తగానే ఉంది. తొడుగు వేసుకుని వేలికి నూనె రాసుకుంది. "తల పట్టుకుని మాట్లాడుతూ ఉండు బాబాయ్," అంది.

నూకన్న కుక్క చెవిలో ఏదో గొణుగుతూ దాని మెడ నిమిరాడు. ఝాన్సీలక్ష్మి ఒక చేత్తో దాని పొత్తికడుపును కింద నుంచి పైకి ఎత్తిపట్టి, రెండో చేతి వేలితో లోపల తడిమింది. పేగు కింద ఉండాల్సిన చిన్న గ్రంథి నిమ్మకాయంత అయి పేగును పైకి నొక్కుతోంది. ఆమె తొందరపడలేదు. నున్నగా ఉందా? ఉంది. రెండు సగాలూ సమానమేనా? సమానమే. నొక్కితే సారంగు మూలగలేదు, తల తిప్పి ఒకసారి చూసి ఊరుకుంది. చీము పట్టి ఉంటే నొప్పికి అరిచేది. పాడు గడ్డ అయితే గట్టిగా, ఎగుడుదిగుడుగా తగిలేది. మూత్రం చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. కొద్దిగా రక్తం తప్ప చీము కణాలు కనపడలేదు.

"ఇది ప్రోస్టేట్ అనే గ్రంథి బాబాయ్. వయసు మీద పడ్డ మగకుక్కలకి పెరుగుతుంది. పేగుని నొక్కేస్తోంది, అంతే. ప్రాణం మీదకి వచ్చేదిలా లేదు. విత్తులు తీసేస్తే నెలలో సగానికి సగం తగ్గిపోతుంది."

నూకన్న కుక్కను నేల మీద దింపి, మళ్ళీ ఎత్తుకున్నాడు.

"ఇది మనుషులకీ వస్తాదామ్మా?"

పరీక్షకు ముందు అతను రెండుసార్లు ఆసుపత్రి వెనక్కి వెళ్ళి చాలాసేపటికి తిరిగి రావడం ఆమెకు గుర్తుకొచ్చింది.

"వస్తుంది. మనుషులకైతే ఒంటేలు దారి నొక్కుకుపోతుంది. ఎంతసేపు నిలబడ్డా ఆగి ఆగి వస్తుంది."

"నాకు తెలిసినోడొకడున్నాడు." కళ్ళు దించుకునే అడిగాడు. "ఆడికీ ఇలాగే విత్తులు తీసేస్తారా?"

అతను దేనికి భయపడుతున్నాడో ఆమెకు అర్థమైంది. నవ్వు రాలేదు.

"లేదు బాబాయ్. మనుషులకి అలా చెయ్యరు. అడ్డంగా పెరిగిన ముక్క ఒక్కటే తీస్తారు. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి."

నూకన్న తలెత్తి ఆమె వైపు చూశాడు.

"ఆలస్యం చెయ్యొద్దని చెప్పు ఆయనకి. డాక్టరు ఇలాగే వేలితో చూస్తాడు. సారంగు ఎంత నిమ్మళంగా నిలబడిందో, అది కూడా చెప్పు."

"సెప్తాను," అన్నాడు.

గురువారం పొద్దున సారంగు ఆపరేషనుకి నూకన్న భార్య దేముడమ్మ కూడా వచ్చింది. పని పూర్తయ్యాక, మత్తులో ఉన్న కుక్క పక్కన కూర్చుని అడిగింది: "ఆయన తన సంగతేటైనా అన్నాడా?"

ఝాన్సీలక్ష్మి నోరు తెరిచేలోపే దేముడమ్మే అంది. "నువ్వు సెప్పక్కర్లేదులే. ఏడాదై మజ్జిగ మానేసినాడు. తాగితే మాటిమాటికీ లెగాలని. అడిగితే సిగ్గుపడతాడని అడగనేదు."

బయట నూకన్న మూటలా ముడుచుకుని కూర్చున్నాడు. దేముడమ్మ వెళ్ళి పక్కన చతికిలబడింది.

"నాకు కళ్ళు మసకేస్తన్నాయి. పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి తీసుకెల్తావా? ఎలాగూ ఎల్తాం కదా, నువ్వూ ఓసారి సూపించుకో."

అతను లేచి పంచె దులుపుకున్నాడు. "ఓడ టికెట్లు రాయించేస్తాను," అన్నాడు.

సారంగుకి పదో రోజుకే ముక్కడం తగ్గింది. మూడు వారాలకి ఝాన్సీలక్ష్మి మళ్ళీ వేలుపెట్టి చూస్తే గ్రంథి బాగా చిన్నదైంది. అప్పుడు కుక్కను ఆమె క్వార్టర్లో వదిలి మొగుడూ పెళ్ళాం ఓడెక్కారు. వారం తర్వాత నాలుగు ముక్కల ఉత్తరం వచ్చింది, ఎవరిచేతనో హిందీలో రాయించింది: ఆపరేషను అయింది, భయం లేదు, సారంగుకి చేప ముళ్ళు తీసి పెట్టండి.

నెలన్నరకి వాళ్ళు తిరిగొచ్చారు. నూకన్న కాస్త చిక్కాడు గానీ మొహం తేటగా ఉంది. దేముడమ్మకి నిజంగానే కళ్ళజోడు పడింది. పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్లో కొన్న చీర ఒకటి ఝాన్సీలక్ష్మి చేతిలో పెట్టి, "వద్దనకమ్మా," అంది.

సారంగు పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ వాసన చూసింది, నూకన్న చేతులు నాకింది. తర్వాత వెనక్కి వెళ్ళి డాక్టరమ్మ గడప మీద పడుకుంది. దేముడమ్మ దాన్ని లేపబోయింది.

"ఉండనీ," అన్నాడు నూకన్న. వరండా స్తంభానికి చేరగిలబడి కూర్చున్నాడు. "దానికి తోసినప్పుడే వస్తాది."

ఝాన్సీలక్ష్మి ముగ్గురికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.