ఇంటి గుట్టు

కొళాయి కింద తల వంచి ఎర్లీన్ మెడ రుద్దుకుంటోంది. పెట్రోలు బంకు బాత్రూం తలుపు అవతల నుంచి డెల్ బాదుతున్నాడు.

"అక్కా, పెళ్ళికా, ఇళ్ళిచ్చే ఆఫీసుకా? తొందరగా రా!"

"ఆగరా. నువ్వు కంపు కొడితే జాలిపడతారు. నేను కొడితే పోలీసుని పిలుస్తారు."

డెల్ నవ్వాడు. అతను తెల్లవాడు, ఆమె నల్లమనిషి. ఓక్లాండ్ వంతెన కింద, ఆమె కాపురముండే కారు పక్కనే ఇన్నాళ్ళూ గుడారంలో పడుకున్నాడు. పోయిన వారమే అతనికి గది దొరికింది. ఇవాళ ఆమె వంతు.

"అడిగినవన్నీ చెప్పు. ఏడుపొస్తే ఏడు. ఎంత చితికిపోయినట్టు కనిపిస్తే అంత ముందు ఇస్తారు."

ఎర్లీన్ తల ఊపింది. కాళ్ళు బూట్లలో పట్టనంత వాచాయి. పడుకుంటే ఊపిరి అందడం లేదు. కారులో ఇంకో చలికాలం గడవదని ఆమెకు తెలుసు. ఈసారి అన్నీ చెప్పేస్తుంది.

తను పనిచేసే లాండ్రీలో ఆస్పత్రి దుప్పట్లు మడతపెట్టి, మధ్యాహ్నం సెలవడిగి ఆ ఆఫీసుకి వెళ్ళింది. బెంచీల మీద ఎక్కువమంది నల్లవాళ్ళే. గది తాళంచెవితో బయటికొచ్చేవాళ్ళలో మాత్రం తక్కువ.

బల్లకి ఎదుట కూర్చున్న ఆఫీసు అమ్మాయి మంచిదే. "గుండెల్లో నొప్పేమైనా వస్తుందా, మేడమ్?" గొంతులో నిజంగానే దయ ఉంది.

ఎర్లీన్ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే చెవి పక్కన, ఎప్పుడో చనిపోయిన తల్లి గొంతు.

"ఆఫీసోళ్ళకి ఇంటి గుట్టు చెప్పకే."

వాళ్ళ పేటలో పిల్లలకు నడక కంటే ముందు నేర్పే పాఠమది. తల్లి ఒక్కసారి నోరుజారి తన జబ్బు సంగతి చెప్పింది. జబ్బు మనిషి పిల్లల్ని సాకలేదంటూ మర్నాడే ఆఫీసు కారొచ్చి ఎర్లీన్ తమ్ముణ్ణి ఎక్కించుకుపోయింది. వాడు మళ్ళీ కనిపించలేదు.

"లేదు తల్లీ."

"ఆయాసం?"

"దేవుడి దయ. బానే ఉన్నా." వాచిన కాళ్ళను కుర్చీ కిందికి లాక్కుంది.

అమ్మాయి ముఖం తేలికపడింది. "సంతోషం. మీకంటే కష్టంలో ఉన్నవాళ్ళకి ముందు ఇస్తాం. కబురు చేస్తాం."

సాయంత్రం డెల్ తల బాదుకున్నాడు. "బానే ఉన్నానన్నావా? ఏం మనిషివక్కా నువ్వు!"

"అమ్మ పక్కనే నిలబడిందిరా."

డెల్ ఆమెను వింతగా చూశాడు. "రేపు నేనూ వస్తా. నువ్వు నోరు మూసుకో, నేను చెబుతా."

"సరేలే, పో." కారు అద్దం పైకెత్తుకుంది.

తెల్లవారాక డెల్ కాఫీ తెచ్చి అద్దం మీద తట్టాడు. మళ్ళీ తట్టాడు. లోపల ఎర్లీన్ తల ఒక పక్కకు వాల్చి ఉంది, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు.

మధ్యాహ్నానికి ఆమెను శవాల బండి, కారును ఇంకో బండి తీసుకుపోయాయి. ఆ చోట నూనె మరకొకటి మిగిలింది. దాని పక్కన, వాలులో చక్రం జారకుండా ఆమె ఆనించిన ఒకే ఒక్క ఇటుక.