భూమికి చక్రం

రెండు వేల ఇరవై ఐదు, ఆగస్టు ఇరవై నాలుగు, ఆదివారం. ఆ పొద్దున తిన్నది జొన్నరొట్టె, పచ్చిపులుసు అని రామ్‌చందర్‌కి ఇప్పటికీ గుర్తు. రెండో రొట్టె తుంచుతుండగానే గౌలిపుర మంటపం కమిటీ పెద్ద ప్రేమ్‌రాజ్, ధూల్‌పేట్‌లో రామ్‌చందర్ విగ్రహాలు చేసే షెడ్డుకి వచ్చాడు. వినాయక చవితి ఇంక మూడు రోజులే ఉంది.

వాకిట్లో, మంటపంలో వినాయకుడి పక్కన పెట్టాల్సిన మట్టి భూగోళం ఎండుతోంది. దాని నడుం చుట్టూ, ఒంటికి అంటకుండా, వెదురుబద్దలకు గోనె చుట్టి మట్టి మెత్తిన వెడల్పాటి చక్రం. చేసింది రామ్‌చందర్ కూతురు పూజిత. భూగర్భశాస్త్రం చదువుతోంది. నెలరోజులుగా కాలేజీ నుంచి రాగానే ఆమె చేతులకు మట్టే.

"ఇదేంది అన్నా, భూమి చెయ్యమంటే శనిని చేసినవ్?" అన్నాడు ప్రేమ్‌రాజ్. "వినాయకుని పక్కన శనా? బస్తీల లొల్లి అయితది. ఆ చక్రం కోసెయ్."

"శని కాదు కాకా, భూమే," అంది పూజిత. "నలభై ఆరు కోట్ల ఏండ్ల కింద ఒక పెద్ద రాయి భూమి దగ్గరికొచ్చి పగిలి, ముక్కలన్నీ గిట్ల చుట్టూ తిరిగినయేమో అంటున్నరు. కొన్ని నడుమ భాగంల రాలి గుంతలు పడ్డయి. మిగిలినవాటి నీడకు భూమి సల్లబడి మంచు పట్టిందేమో అని."

"ఏమో, ఏమో. రెండు ఏమోలకు మంటపంల జాగ కావాల్నా నీకు?"

"ఏమో అనే చెప్తున్న. అబద్ధం చెప్తలేను గద."

ప్రేమ్‌రాజ్ రామ్‌చందర్ వైపు తిరిగాడు. "ఇరవై ఏండ్లసంది మా మంటపానికి నీ చెయ్యే అన్నా. బిడ్డ ముచ్చటకు పోగొట్టుకోకు."

రామ్‌చందర్ చెయ్యి కడుక్కుని రంపం అందుకున్నాడు. పూజిత అడ్డం రాలేదు.

"కోస్తే కొయ్యి బాపు. గప్పుడు దాన్ని నేను చేసిన అని ఎవ్వలకు చెప్పకు."

ఎక్కడ కొయ్యాలో చూసుకోవడానికి అతను చక్రం కిందికి చెయ్యి పెట్టాడు. వేళ్లకు చల్లగా తగిలింది. భూగోళమంతా ఆరి పాలిపోయింది. చక్రం నీడ పడ్డ మేర మాత్రం పట్టీలా ఇంకా నల్లగా, తడిగా ఉంది. నిన్న ఆ పట్టీ మీద తెల్లరంగు నిలవకపోతే, మట్టి సరిగా పిసకలేదని బిడ్డనే కసిరాడు.

"ఇటు రా ప్రేమ్‌రాజ్. చెయ్యి పెట్టు."

ప్రేమ్‌రాజ్ పెట్టాడు. పైన, తర్వాత నీడలో. మళ్లీ పైన.

"పచ్చిగుంది."

"నాలుగు రోజులసంది ఎండల్నే ఉంది. జానెడు వెడల్పు చక్రం నీడకే గిట్లుంటే, గా రాళ్ల నీడ లక్షల ఏండ్లు పడితే ఏంగావాలె? నేను కొయ్య. నీ ఇష్టం, వేరేది తెచ్చుకో."

"బస్తీల అడిగితే ఏం చెప్పాలె నేను?"

"నువ్వేం చెప్పకు కాకా," అంది పూజిత. "నిమజ్జనం దాంక నేనే నిలబడి చెప్త. శని అన్నోళ్లను చక్రం నీడల నిలబెడత. నిన్నే ముందు."

ప్రేమ్‌రాజ్ నవ్వు ఆపుకుని బండెక్కాడు.

రామ్‌చందర్ రంపాన్ని మేకుకు తగిలించాడు. తడి పట్టీని ఆరబెట్టుదామంటే పూజిత ఒప్పుకోలేదు. దాన్ని అలాగే వదిలి, మిగతా అంతటా సముద్రాల నీలం వేసింది. పీఠం మీద పెద్ద అక్షరాలతో 'భూమి' అని రాసింది.

పొద్దుగూకాక ఫోన్ మోగింది.

"అన్నా, చక్రం అడ్డం ఎంతుంది? ట్రాలీల పడతదా?" ప్రేమ్‌రాజ్ గొంతు.

"ఐదడుగులు. పట్టకపోతే పెద్ద ట్రాలీ తే."

"తెస్త తియ్యి."

తండ్రీకూతుళ్లు భూగోళాన్ని మెల్లగా లోపలికి జరిపారు. పచ్చి మట్టి అదరకుండా, రామ్‌చందర్ షెడ్డు రేకుతలుపును కాస్త పైకెత్తి పట్టుకుని, చప్పుడు లేకుండా మూశాడు.